ఇంటిల్లిపాదీ కలిసి నడవాలంటే

వేసవి సెలవులకి ఎక్కడికో వెళ్ళొచ్చారు. చుట్టాలెవరో వచ్చి "ఏం చూశారేంటి?" అని అడిగారు. మీ ఇంట్లో జవాబు చెప్పేది ఎవరు? ప్రతిసారీ ఒకరేనా?

అయితే ఈ అధ్యాయం మీకు పనికొస్తుంది. టికెట్లు తీసి, గది మాట్లాడి, దారి కనుక్కున్న మనిషి ఒక యాత్ర చేసొస్తాడు. మోకాళ్ళ నొప్పులని కారులోనే కూర్చోబెట్టిన అత్తగారు ఇంకో యాత్ర చేసొస్తుంది. చార్జింగ్ పెట్టుకోవడానికి ప్లగ్గు వెతుక్కుంటూ తిరిగిన పదిహేనేళ్ళ కుర్రాడిది మూడో యాత్ర. వెళ్ళింది మాత్రం అందరూ ఒకే కారులో.

దీనికి పైసా ఖర్చులేని ఉపాయం ఒకటుంది. సెలవుల్లో ఎక్కడున్నా సరే, అరకులో అయినా అమ్మమ్మగారి ఊళ్ళో అయినా, రోజుకో గంట అందరూ కలిసి నడవండి. "ఓస్, ఇంతేనా?" అంటారని తెలుసు. ఒకసారి బయల్దేరి చూడండి. పావుగంట తిరక్కుండా ఒకళ్ళు ఫర్లాంగు ముందుంటారు, ఇద్దరు వెనక చెట్టు కింద కూలబడతారు, ఇంకొకళ్ళు "నేను ముందే చెప్పానా, ఈ ఎండలో వద్దని" అంటుంటారు. అలా కాకుండా ఉండాలంటే కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి.

1. ఆ కాలంలో అక్కడ ఏముంటుందో ముందే కనుక్కోండి

మనవాళ్ళు ఎక్కువగా బోల్తాపడేది ఇక్కడే. ఫోన్లో కుంటాల జలపాతం ఫొటో చూస్తారు. కడెం వాగు నురగలు కక్కుతూ దూకుతుంటుంది. ఆ ఫొటో వానాకాలంలో తీసింది. మీరు వెళ్ళేది మే నెలలో. పిల్లల చేతులు పట్టుకుని మెట్లన్నీ దిగాక నల్లటి బండల మీద సన్నటి ధార కనపడుతుంది. "ఇదేనా నాన్నా?" అంటారు పిల్లలు. ఆ ప్రశ్నకి జవాబుండదు, పైగా మెట్లన్నీ మళ్ళీ ఎక్కాలి.

అరకులో పసుపు తివాచీలా కనిపించే వలిసె పూలూ అంతే, అవి చలికాలపు ముచ్చట. గోదావరి డెల్టాలో తాతగారి ఊరి కాలువ చూపిద్దామని వేసవిలో తీసుకెళ్తే కాలువలు కట్టేసి ఉంటాయి. జూన్‌లో నీళ్ళు వదిలేదాకా అడుగున బురదే.

మరి వేసవిలో చూడ్డానికేమీ లేదా? ఎందుకు లేదు! రేల చెట్లు ఆకులు కనపడనంతగా పసుపు గుత్తులు వేలాడదీసుకుని నిలబడేది ఇప్పుడే. తురాయి చెట్లు రోడ్డంతా ఎర్రగా పరిచేదీ ఇప్పుడే. మార్చి, ఏప్రిల్‌లో నాలుగు జల్లులు పడితే పాడేరు, అరకు కొండల మీద కాఫీ తోటలు తెల్లగా పూస్తాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో నడుస్తుంటే మల్లెల్లాంటి వాసన వస్తుంది. ఆ పూత నిలిచేది కొద్ది రోజులే, మీ అదృష్టం. ఆదిలాబాద్, భద్రాచలం అడవుల్లో వేసవి మొదట్లో ఇప్పపూలు రాత్రంతా రాలి, తెల్లవారేసరికి నేలంతా లేత పసుపు రంగులో మెత్తగా పడి ఉంటాయి. గోండు, కోయ ఆడవాళ్ళు చీకటితోనే బుట్టలతో వచ్చి ఏరుకుంటారు. అక్కడ నడిచేటప్పుడు పూలు తొక్కకుండా పక్కగా వెళ్ళండి. మీకది విహారం, వాళ్ళకి అది ఆ సంవత్సరపు రాబడి.

కాబట్టి బయల్దేరే ముందు అక్కడున్న ఎవరికైనా ఫోన్ చేసి "ఇప్పుడు అక్కడ ఏముందండీ?" అని అడగండి. "బాగుంటుందా?" అని మాత్రం అడక్కండి. గది అద్దెకిచ్చేవాడు బాగుండదని ఎందుకంటాడు?

2. ఎండ కన్నా ముందు లేవండి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మే నెలాఖరులో విశాఖలో ఐదున్నర కాకముందే సూర్యుడు సముద్రం మీదికి వచ్చేస్తాడు. హైదరాబాద్‌లో ఇంకో పావుగంట ఆలస్యం, అంతే. ఏడున్నరకల్లా నడక ముగించి ఇంటికి చేరాలి. "టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరదాం" అన్నారంటే ఆ రోజు నడక లేనట్టే లెక్క.

అందరినీ అయిదింటికి లేపడం ఎలా అంటారా? ముందురోజు రాత్రే బూట్లు గుమ్మం దగ్గర పెట్టించండి. ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్ళి, దారి మధ్యలో ఎక్కడో తాగండి. ఇడ్లీ, పూరీ ఏవైనా సరే, తిరిగొచ్చాకే. ఏ ఉపన్యాసానికీ లేవని కుర్రాళ్ళు పూరీకి లేస్తారు.

పొద్దున్న కుదరకపోతే సాయంత్రం. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి, దేశంలోని భూవారసత్వ స్థలాల్లో ఒకటి. వేల ఏళ్ళుగా గాలి, నీళ్ళు కలిసి ఇసుకలో కోసిన లోయలవి. మిట్టమధ్యాహ్నం వెళ్తే అంతా ఒకే రంగు, కళ్ళు చికిలించుకుని చూడటమే. పొద్దు వాలాక వెళితే గోడల మీద గాడులన్నీ నీడలతో లేచి నిలబడతాయి, ఎరుపులోనే నాలుగైదు ఎరుపులు కనపడతాయి. అంచుల మీదికి మాత్రం ఎక్కనివ్వకండి. మట్టి వదులు, కాలు జారుతుంది, దిబ్బా పాడవుతుంది. పేర్లు చెక్కే సరదా ఉన్న బావమరిది ఎవరైనా ఉంటే ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

3. చివరి మనిషి వచ్చాకే విశ్రాంతి మొదలు

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే, ఇది గుర్తుపెట్టుకోండి.

అలిపిరి మెట్ల దారి తీసుకుందాం. మొక్కు వేరు, విహారం వేరు, నిజమే. కానీ తెలుగు కుటుంబాలు మూడు తరాలు కలిసి నడిచే దారి అది. 3,550 మెట్లు. కుర్రాళ్ళు గబగబా రెండొందల మెట్లెక్కేసి, నీడలో కూర్చుని, నిమ్మసోడా తాగి, ఫోన్లు తీస్తారు. పది నిమిషాలకి పిన్నిగారు పమిట చెంగుతో మొహం తుడుచుకుంటూ, ఒక్కో మెట్టుకీ ఆగుతూ వస్తుంది. ఆవిడ చెయ్యి స్తంభానికి ఆనించేలోగా "హమ్మయ్య, వచ్చేశారు! పదండి, పదండి" అని అందరూ లేస్తారు.

లెక్క చూశారా? కాళ్ళలో బలమున్నవాళ్ళకి పది నిమిషాల విశ్రాంతి. లేనివాళ్ళకి సున్నా. పైకి చేరేసరికి పిన్నిగారు ఎందుకంత అలిసిపోయారో, ఎందుకు ఎవరితోనూ మాట్లాడటం లేదో ఎవరికీ అర్థం కాదు. ఆవిడా చెప్పదు. "నాకేం పర్లేదు నాయనా, మీరు నడవండి" అంటుంది.

అందుకని ఇంట్లో ఒక ఒప్పందం చేసుకోండి. చివరి మనిషి వచ్చి కూర్చున్నాకే విశ్రాంతి మొదలైనట్టు. అప్పట్నుంచి పది నిమిషాలు. ముందొచ్చినవాళ్ళు ఎంతసేపు కూర్చున్నారన్నది లెక్కలోకి రాదు. ఈ నియమం పెట్టాక తమాషా ఏమిటంటే, ముందు పరిగెత్తేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే నెమ్మదిస్తారు. పరిగెత్తి ఏం లాభం?

ఇంకో చిట్కా. నెమ్మదిగా నడిచేవాళ్ళని వరసలో చివర పెట్టకండి, రెండోవాళ్ళుగా పెట్టండి. మొదట ఓపికున్న మనిషి, వెనకే పిన్నిగారు, ఆ తరవాత మిగతా గుంపు. చివరన ఉన్నవాళ్ళకి ఎప్పుడూ తామే ఆలస్యం చేస్తున్నామనే బెంగ ఉంటుంది. ఆ బెంగే సగం ఆయాసం.

వేగం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి వాచీలు అక్కర్లేదు. నడుస్తూ మామూలుగా మాట్లాడగలగాలి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతుంటే తగ్గించాలి.

దారి స్వభావం కూడా ముందే చెప్పండి. అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఎక్కుడు ఎక్కువ, ఆ తరవాత చాలా దూరం తేలిక, చివర్లో మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ కష్టం. ఇది తెలిసిన మనిషి గాలిగోపురం దగ్గర "ఇంకా ఇంతుందా!" అని నీరసపడదు. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే అని అటు పరిగెత్తేవాళ్ళున్నారు. దూరం తక్కువే, కానీ ఏటవాలు ఎక్కువ. మోకాళ్ళు బాగాలేనివాళ్ళకి మెట్ల లెక్క ఒక్కటే చూసి దారి ఎంచకండి. చిరుతల భయం వల్ల చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళకి వేళల నిబంధనలు పెడుతున్నారు, ఆ రోజు ఏ నియమం నడుస్తోందో కింద కనుక్కుని ఎక్కండి.

4. రోజుకొకరు పెద్ద

ఎటు వెళ్ళాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు వెనక్కి తిరగాలి, ఈ మూడూ ఎప్పుడూ ఒకే మనిషి నిర్ణయిస్తే మిగతావాళ్ళు నడవరు, వెంట వస్తారు. మొదటి పేరాలో అన్నది దీని గురించే. ఏం చూశారని అడిగితే జవాబు చెప్పలేకపోవడానికి కారణం, వాళ్ళు చూసింది వాళ్ళు ఎంచుకున్నది కాకపోవడం.

రోజుకొకరిని పెద్దగా పెట్టండి. ఆరేళ్ళ పాపకీ ఒక రోజు, డెబ్భై ఏళ్ళ తాతయ్యకీ ఒక రోజు.

అమ్మమ్మ రోజు ఎలా ఉంటుందో ఊహించండి. ఆవిడ మిమ్మల్ని కొండకీ కోనకీ తీసుకెళ్ళదు. చెరువు గట్టు దాకా నాలుగడుగులేసి, రావిచెట్టు అరుగు మీద కూర్చుంటుంది. "అదిగో, ఆ తాడిచెట్ల వరస ఉందే, అది మన హద్దు. అటు పక్కది మీ చిన్న తాతయ్యది. వాటిల్లో ఒకటి పిడుగుపడి పోయింది, మీ అమ్మ అప్పుడు కడుపులో ఉంది." అరగంట. మీరు నడిచిన దూరం మూడొందల గజాలు. ఫర్వాలేదు. ఆ రోజు పెద్ద ఆవిడ.

మనవడి రోజు ఇంకోలా ఉంటుంది. వాడు తిన్నగా ఎండిన కాలువలోకి దిగుతాడు. మడుగుల్లో మిగిలిన చేపపిల్లల్ని చూస్తూ గొంతుక్కూర్చుంటాడు. అందరూ గట్టు మీద నుంచుని చూడాల్సిందే, ఒకళ్ళిద్దరు దిగాల్సిందే.

ఇందులో ఒక్క మాట నిషేధం: "ఇక్కడేముంది?" ఆ మాట ఎవరన్నా, మర్నాడు అందరికీ ముంజలు కొట్టించాలి. శిక్ష తీపిగా ఉంటేనే అమలవుతుంది.

చదువుకున్న తల్లిదండ్రులకి ఒక మనవి. దారి పొడుగునా "ఇది ఏం చెట్టు చెప్పు? మొన్న చెప్పాను కదా!" అని పిల్లల్ని నిలదీయకండి. సెలవులిచ్చింది పరీక్షల నుంచే కదా పాపం. దానికన్నా, నడక అయ్యేలోపు ప్రతివాళ్ళూ ఒక్కటంటే ఒక్కటి మిగతావాళ్ళకి చూపించాలని పెట్టుకోండి. తొండ కావచ్చు, గోడ మీద పాత సినిమా పోస్టరు కావచ్చు, సీమచింత కాయ పగిలి గులాబీరంగు గుజ్జు కనపడటం కావచ్చు. ఏది చూపించినా ఆగి చూడాలి. ఇది మొదలెట్టిన రెండో రోజుకే పెద్దవాళ్ళు కూడా చూపించడానికి ఏముందా అని వెతుక్కుంటారు.

5. గుంపుకో ఫోను

ఫోన్లన్నీ ఇంట్లో పెట్టేయమని చెప్పను, అది జరిగే పని కాదు, అవసరం కూడా. ఒక్కటి చేతిలో ఉంచండి, మిగతావి సంచిలో వేయండి. ఆ ఒక్కటీ ఆ రోజు పెద్ద చేతిలో ఉండాలి. అమ్మమ్మ తీసిన ఫొటోల్లో అందరి తలలూ తెగిపోతాయి, ఉండనివ్వండి.

రాలేకపోయినవాళ్ళతో పంచుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. నలభై ఫొటోలు ఒకేసారి పంపితే జవాబుగా ఒక బొటనవేలు వస్తుంది. ఒక్క ఫొటో పంపి, దాని కింద రెండు ముక్కలు రాయండి: "వదినా, ఇదే నువ్వు చెప్పిన నేరేడు చెట్టు. ఇంకా పిందెలే, జూన్‌కి పండుతాయిట." ఆ వదిన ఫోన్ చేయకపోతే అడగండి.

6. సంచి

తలా ఒక సీసా నీళ్ళు, ఉప్పేసిన మజ్జిగ, కీరా ముక్కలు, ఒక తువ్వాలు, రెండు ఓఆర్‌ఎస్ పొట్లాలు. టోపీయో తలగుడ్డో. కొత్త చెప్పులు ఈ ప్రయాణంలో మొదటిసారి వేసుకోకండి, బొబ్బలు అందరి సరదానీ పాడుచేస్తాయి. ఎవరికైనా తల తిరుగుతున్నా, వాంతి వస్తున్నా వెంటనే నీడలోకి చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడవండి. మాట తడబడినా, ఒళ్ళు కాలిపోతున్నా ఆలోచించకుండా 108కి చెయ్యండి. విశాఖ తీరంలో నడిచేవాళ్ళు పాదాలు తడుపుకోవడంతో ఆపాలి. అలల కింద లాగే నీరు ఈతొచ్చినవాళ్ళనీ వదలదు.

7. నడవలేనివాళ్ళని కారులో వదలకండి

మంచం దిగలేని నాన్నమ్మ ఉంది. ఆవిడకి ఈ సరదాలో వాటా ఎలా?

రాత్రి డాబా మీద. మే నెలలో అమావాస్యకి అటూ ఇటూ నాలుగు రోజులు చూసుకోండి. ఆవిడని ఇద్దరు పట్టుకుని పైకి తీసుకెళ్ళి నవారు మంచం మీద పడుకోబెట్టండి. పైకి ఎక్కించలేకపోతే వాకిట్లో దీపాలార్పినా చాలు. రాత్రి ఎనిమిదిన్నర, తొమ్మిది మధ్య ఉత్తరం వైపు తలెత్తితే సప్తర్షి మండలం బాగా పైన ఉంటుంది. నాలుగు చుక్కల గిన్నె, మూడు చుక్కల కాడ. కాడలో చివరి నుంచి రెండోది వశిష్ఠుడు. దాన్ని కాసేపు అలాగే చూస్తే పక్కనే ఇంకో చిన్న చుక్క తేలుతుంది. అదే అరుంధతి. పెళ్ళిలో పురోహితుడు వేలెత్తి చూపించినప్పుడు కనపడకపోయినా మనందరం తలూపేసిన నక్షత్రం!

ఇప్పుడు పందెం పెట్టండి. ఎవరి కళ్ళకి ముందు కనపడుతుంది? కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు గొణుక్కుంటారు, పిల్లలు గెలుస్తారు. ఆ కాడ వంపునే సాగదీసుకుంటూ వెళితే నారింజరంగు స్వాతి, ఇంకాస్త సాగదీస్తే తెల్లటి చిత్త. తొమ్మిది దాటాక ఆగ్నేయ దిక్కున, కింద, ఎర్రగా జ్యేష్ఠ. స్వాతి, చిత్త, జ్యేష్ఠ, ఈ పేర్లు పిల్లలకి కొత్త. నాన్నమ్మకి కాదు. ఎవరు ఏ నక్షత్రాన పుట్టారో ఇంటిల్లిపాదివీ ఆవిడకి నోటికొచ్చు. మీరు చుక్కని చూపించండి, ఎవరిదో ఆవిడ చెబుతుంది. ఆ రాత్రికి పెద్ద ఆవిడే.

8. అమెరికా వెళ్ళిన అమ్మానాన్నల కోసం

వేసవిలో పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళ ఇబ్బంది వేరు. పగలంతా ఇంట్లో ఇద్దరే. కారు నడపరు. వారాంతం కోసం ఎదురుచూపు, వారాంతంలో నయాగరా. అక్కడా జనంలో ఫొటోలే.

న్యూజెర్సీలాంటి చోట జూన్‌లో ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది. ఆఫీసు అయ్యాక కూడా ఒక నడకకి బోలెడు సమయం. దగ్గర్లో ఉన్న అడవి దారికి తీసుకెళ్ళి, ఆ దారి బాధ్యత నాన్నకి అప్పగించండి. అక్కడ చెట్ల బోదెల మీద రంగు పట్టీలు వేసి ఉంటాయి. ఒక రంగు పట్టుకుంటే ఒక దారి. ఒకదాని పైన ఒకటి రెండు పట్టీలున్నాయంటే మలుపు వస్తోందని. పైపట్టీ ఎటు జరిగి ఉంటే అటు తిరగాలి. ఇంగ్లీషు అక్కర్లేదు, జీపీఎస్ అక్కర్లేదు. నాలుగు వారాలుగా "ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికే" అంటున్న మనిషి "ఆగండాగండి, పట్టీ కుడివైపుకుంది" అని అందర్నీ ఆపుతాడు. తిరిగొచ్చాక సాక్సులు, పిక్కలు ఒకసారి చూసుకోండి. గడ్డిలో పిడుదుల్లాంటి పురుగులుంటాయి, జబ్బులు తెస్తాయి.

చివరగా, తప్పకుండా అడిగే ప్రశ్న

"మావాడు రానంటే రాడండీ. ఏం చెయ్యమంటారు?"

ఏమీ చెయ్యకండి. బతిమాలకండి, తిట్టకండి. "మీ వయసులో మేము" అని మొదలెట్టకండి. మీరు వెళ్ళి రండి. వచ్చాక ఏం చూశారో మీలో మీరు మాట్లాడుకోండి, వాడికి చెప్పకండి. ఎల్లుండి పెద్ద వాడేనని, ఎటు తీసుకెళ్ళినా, ఎన్నింటికి లేపినా వస్తామని మాత్రం చెప్పి ఉంచండి. వాడు రాత్రి పదకొండింటికి ఐస్‌క్రీమ్ బండి దాకా నడిపిస్తానంటే చెప్పులేసుకుని బయల్దేరండి. అదీ నడకే.